పాట వెనుక పేరు: ఆర్థర్ అలెగ్జాండర్ ఆల్బం పునర్విడుదలపై పాఠకుల ప్రశ్నలు

అమెరికా గాయకుడు ఆర్థర్ అలెగ్జాండర్ 1972లో తన పేరుతోనే వెలువరించిన ఆల్బం గురించి, ఎవరూ పట్టించుకోని ఆ ఆల్బం 45 ఏళ్ల తరువాత 2017లో సీడీగా పునర్విడుదలైన వైనం గురించి గత సంచికలో నాలుగు వాక్యాలు రాశాను. ఆ నాలుగు వాక్యాలకే గోదావరి పాయలకు రెండు వైపుల నుంచీ, రాజోలు మొదలు తణుకు దాకా, ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈ సంచికలో ఈ శీర్షికను పూర్తిగా ఆ ఒక్క ఆల్బానికే కేటాయిస్తున్నాను. ఒకే విధమైన ప్రశ్నలను కలిపి, ఉత్తరం రాసిన వారి ఊరి పేరు మాత్రం పేర్కొని, తెలిసినంత మేరకు సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: 'కంట్రీ' అంటే తెల్లవారి పల్లె పాట అనీ, 'సోల్' అంటే నల్లజాతివారి పాట అనీ చదివాను. మీరు ఈ ఆల్బాన్ని 'కంట్రీ సోల్' అన్నారు. రెండూ ఒక గొంతులో కలవడం ఎలా సాధ్యం? (విశ్రాంత ఉపాధ్యాయురాలు, పాలకొల్లు)

జవాబు: అమ్మా, మీరు చదివిన విభజన పాటలు పుట్టిన చోట పుట్టలేదు, పాటలు అమ్మిన చోట పుట్టింది. 1920లలో అమెరికాలో రికార్డులు అమ్మే సంస్థలు నల్లజాతి గాయకుల పాటలను 'రేస్ రికార్డులు' అనే పేరుతో ఒక జాబితాలోనూ, దక్షిణాది పల్లెల్లోని శ్వేతజాతి గాయకుల పాటలను 'హిల్‌బిల్లీ' వంటి పేర్లతో మరొక జాబితాలోనూ చేర్చి అమ్మేవి. 1949లో బిల్‌బోర్డ్ అనే సంగీత వ్యాపార పత్రిక, ఏ పాటకు ఎంత ఆదరణ ఉందో వరుసగా చూపే తన పట్టికలకు 'రిథం అండ్ బ్లూస్' అనీ, 'కంట్రీ అండ్ వెస్టర్న్' అనీ కొత్త పేర్లు పెట్టింది. పేర్లు మర్యాదగా మారాయి కాని దుకాణంలో అరలు మాత్రం రెండుగానే మిగిలాయి.

పల్లెలో పరిస్థితి వేరు. పత్తి చేలలో పనిచేసే రెండు జాతులవారూ సాయంత్రానికి వినేది ఒకే రేడియో. నాష్‌విల్‌లో 1925లో మొదలై కంట్రీ సంగీతానికి పెద్ద వేదికగా ఎదిగిన 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' రేడియో కార్యక్రమానికి తొలినాళ్లలో పేరు తెచ్చిన కళాకారుల్లో డీఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి హార్మోనికా వాదకుడు ఒకరు. కంట్రీ సంగీతానికి గుర్తుగా అందరూ చూపించే బాంజో అనే తంత్రీవాద్యానికి మూలం ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడిన వారు వెంట తెచ్చుకున్న వాద్యజ్ఞానమే. కాబట్టి ఈ రెండూ కలవడంలో వింత లేదు, వాటిని అంతకాలం విడదీసి ఉంచగలగడమే వింత. 1962లో రే చార్ల్స్ అనే మహాగాయకుడు కంట్రీ పాటలను ఎంచుకుని తన పద్ధతిలో పాడి ఒక ఆల్బంగా విడుదల చేస్తే, అది అమెరికా పట్టికల్లో మొదటి స్థానానికి చేరింది. రెండు అరల మధ్య గోడ ఎంత పలుచనిదో అప్పుడు వ్యాపారులకు కూడా తెలిసింది.

లక్షణం చెప్పమంటే ఇలా చెబుతాను. కంట్రీ పాటలో కథ ఉంటుంది, మాటలు ఇంట్లో మాట్లాడుకునేవి, దుఃఖం సంసారంలోనిది. సోల్ గాయకుడి గొంతు చర్చి ప్రార్థనలో తయారైనది, ఒక అక్షరాన్ని పట్టుకుని దాని చుట్టూ స్వరాలు అల్లగలిగినది. కంట్రీ సోల్‌లో ఆ కథను ఈ గొంతు చెబుతుంది. హరికథ విన్నవారు మీ తరంలో ఉంటారు కనుక ఒక పోలిక చెబుతాను: హరిదాసుగారు వచనంలో కథ చెబుతూ చెబుతూ, ఒకచోట ఆగి కీర్తన అందుకున్నప్పుడు ఆయన గొంతులో ఒక మార్పు వస్తుంది కదా, ఆ మలుపు దగ్గరే ఉంటుంది ఈ సంగీతమంతా. అయితే ఆర్థర్ అలెగ్జాండర్ ఆ మలుపు దగ్గర కూడా గొంతు పెంచడు. సోల్ గాయకుల్లో గమకం ఇంత పొదుపుగా వాడినవారు నేను విన్నంతలో మరొకరు లేరు.

ఆయన ఊరి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే డెల్టా వారికి అది సులువుగా కళ్లకు కడుతుంది. ఆయన 1940లో అలబామా రాష్ట్రంలోని షెఫీల్డ్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. టెనెసీ నదికి దక్షిణపు ఒడ్డున షెఫీల్డ్, దాని పక్కనే మజిల్ షోల్స్, ఉత్తరపు ఒడ్డున ఫ్లారెన్స్ ఉంటాయి. రాజమహేంద్రవరం, కొవ్వూరు ఎదురెదురుగా ఉన్నట్టే అనుకోండి. మనకు 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినట్టు, అక్కడ 1924 నాటికి విల్సన్ ఆనకట్ట పూర్తయింది. ఆ ఆనకట్ట పేరుతో ఉన్న రోడ్డులోనే, ఒకప్పుడు పొగాకు గిడ్డంగిగా వాడిన కట్టడంలో, రిక్ హాల్ అనే ఆయన తన ఫేమ్ స్టూడియోను నడిపారు. 1961లో ఆర్థర్ అలెగ్జాండర్ అక్కడ పాడిన 'యూ బెటర్ మూవ్ ఆన్' అనే పాట మరుసటి ఏడు అమెరికా పట్టికలో 24వ స్థానానికి వెళ్లింది. ఆ రాబడి ఆసరాతో రిక్ హాల్ కొత్త స్టూడియో కట్టుకున్నారు. తరువాతి కాలంలో ప్రపంచంలోని పెద్ద పెద్ద గాయకులు వెతుక్కుంటూ వెళ్లిన మజిల్ షోల్స్ సంగీతానికి పునాది ఈ ఒక్క పాట. మన ప్రాంతంలో ఆర్థర్ అనగానే కాటన్ దొర గుర్తుకు వస్తారు. ఆ నదీతీరానికి కూడా ఒక ఆర్థర్ ఉన్నాడని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని మీతో పంచుకోకుండా ఉండలేకపోతున్నాను.

ఆ పాటకు వాయించిన యువకులు నార్బర్ట్ పట్నం, డేవిడ్ బ్రిగ్స్, జెర్రీ కారిగన్, టెర్రీ థాంప్సన్. నలుగురూ శ్వేతజాతివారు. నల్లజాతి విద్యార్థుల ప్రవేశాన్ని ఆపడానికి అలబామా గవర్నరు 1963లో విశ్వవిద్యాలయం గుమ్మంలో స్వయంగా నిలబడ్డారన్న సంగతి గుర్తుంచుకుంటే, దానికి రెండేళ్ల ముందే ఆ రాష్ట్రంలోనే ఒక నల్లజాతి గాయకుడూ ఈ యువకులూ ఒకే గదిలో కూర్చుని ఒక పాటను పూర్తి చేయడం ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది.

ప్రశ్న: మా మేనమామగారు ఓడలో పనిచేసే రోజుల్లో తెచ్చిన, బీటిల్స్ అనే ఇంగ్లండు బృందపు రికార్డులో ఒక పాట ఉండేది. అందులో గాయకుడు 'అన్నా' అని అంటుంటే, చిన్నతనంలో నేను అతడు అన్నయ్యను పిలుస్తున్నాడనే అనుకున్నాను. మీరు గత సంచికలో ఆ పాట ఆర్థర్ అలెగ్జాండర్‌ది అని రాశారు. అది బీటిల్స్ వారిది కాదా? (తణుకు)

జవాబు: కాదు. 'అన్నా' అన్నది అక్కడ ఒక అమ్మాయి పేరు. ఆ పాటను ఆర్థర్ అలెగ్జాండర్ స్వయంగా రాసి 1962లో పాడారు. బీటిల్స్ తమ తొలి ఆల్బం కోసం 1963 ఫిబ్రవరి 11న ఒకే రోజున పాడిన పది పాటల్లో అది ఒకటి. పాడినది ఆ బృందంలోని జాన్ లెనన్. మరుసటి ఏడాది జనవరిలో రోలింగ్ స్టోన్స్ బృందం తమ చిన్న రికార్డు ఒకదానిలో 'యూ బెటర్ మూవ్ ఆన్' పాడింది. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ 1988లో అలెగ్జాండర్ తొలి పాట 'శాలీ స్యూ బ్రౌన్'ను పాడారు. ఈ ముగ్గురూ తన పాటలు పాడుకున్న రచయిత పేరు మనలో ఎందరికి తెలుసు? రికార్డు మధ్యలోని కాగితం మీద, పాట పేరు కింద, చిన్న అక్షరాలలో ఇంటిపేరు ఒక్కటే ఉండేది. మీ మేనమామగారి రికార్డు ఇంకా ఉంటే ఒకసారి తీసి చూడండి, ఆ పేరు అక్కడే ఉంటుంది.

మీరు పొరపాటు పడినా ఆ పాటలోని భావానికి మీ చెవి దూరంగా పోలేదని నాకు అనిపిస్తుంది. తనను వదిలి మరొకరి దగ్గరకు వెళ్లదలచిన అమ్మాయిని నిందించకుండా, వెళ్లమని చెప్పే పాట అది. ఆయన పాటలన్నిటిలోనూ ఈ మర్యాదే కనిపిస్తుంది. 'యూ బెటర్ మూవ్ ఆన్'లో ఒక పేదవాడు తనకంటే ధనవంతుడైన పోటీదారుతో మాట్లాడతాడు. నేను ఆమెకు ఖరీదైనవి ఏవీ కొనివ్వలేను, అయినా నువ్వే తప్పుకోవాలి అని మెత్తగా చెబుతాడు. 'గో హోమ్ గర్ల్'లో తన స్నేహితుడు ప్రేమించిన అమ్మాయి తన దగ్గరకు వస్తే, తనకూ ఆమె మీద మనసు ఉండి కూడా, ఇంటికి వెళ్లిపొమ్మంటాడు. ఓడిపోతున్న మనిషి గొంతు పెంచకుండా మాట్లాడటం చాలా కష్టమైన పని. బీటిల్స్ పాడినది మంచి పాటే, అందులో యవ్వనపు వేదన ఉంది. కాని లెనన్ గొంతు చించుకున్న చోట అలెగ్జాండర్ ఊపిరి మింగుతాడు. నా ఓటు రెండవదానికే.

ప్రశ్న: అంత గొప్ప రచయిత అయితే 1972 నాటి ఆల్బం ఎందుకు మరుగున పడింది? (భీమవరం, ఇదే ప్రశ్న రావులపాలెం, ఆచంట నుంచి కూడా వచ్చింది)

జవాబు: ముందుగా ఆల్బం సంగతి. 1960ల చివరి సంవత్సరాలు ఆయనకు కష్టాల కాలం. ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిన్నాయి. అటువంటి సమయం తరువాత వార్నర్ బ్రదర్స్ సంస్థ ఆయనతో ఒక ఆల్బం చేయించింది. మెంఫిస్ నగరంలో పేరున్న బేస్ గిటారు వాదకుడు టామీ కాగ్‌బిల్ దానికి నిర్మాత. అందులో 12 పాటలు ఉన్నాయి. కొన్ని ఆయన సొంతవి, కొన్ని అలబామా మిత్రులు డ్యాన్ పెన్, డానీ ఫ్రిట్స్ వంటివారు రాసినవి.

వాటిలో 'రెయిన్‌బో రోడ్' అన్న పాటను పెన్, ఫ్రిట్స్ ఇద్దరూ కలిసి ఆయనను దృష్టిలో పెట్టుకునే రాశారు. పేదరికం నుంచి పాటను నమ్ముకుని పైకి వస్తున్న ఒక గాయకుడు, ఒక రాత్రి తగాదాలో ప్రాణం కాపాడుకోబోయి ఒక మనిషిని చంపి, జైలు పాలవుతాడు. ఇది ఆర్థర్ అలెగ్జాండర్ జీవితకథే అని నమ్మినవారు చాలామంది ఉన్నారు. అది కల్పన. కాని వింటున్నంతసేపూ కల్పన అని అనిపించదు, ఎందుకంటే ఆయన ఆ కథను జాలి కోసం చెప్పడు, సాక్ష్యం ఇస్తున్నట్టుగా చెబుతాడు. ఈ ఒక్క పాట కోసమైనా ఆల్బం కొనవచ్చునని నా అభిప్రాయం.

ఇక 'బర్నింగ్ లవ్' సంగతి. డెన్నిస్ లిండే అనే రచయిత రాసిన ఈ పాటను మొదట రికార్డు చేసినది ఆర్థర్ అలెగ్జాండరే. అదే ఏడాది ఎల్విస్ ప్రెస్లీ దానిని పాడగా అమెరికా పట్టికలో రెండవ స్థానానికి వెళ్లింది. అంతకు దాదాపు పదేళ్ల ముందు ఆర్థర్ అలెగ్జాండర్ పాట బీటిల్స్ నోట ప్రసిద్ధి పొందినట్టే, ఈసారి ఆయన మొదట పాడిన పాట ఎల్విస్ నోట ప్రసిద్ధి పొందింది. పాటలు ఆయనను దాటుకుని వెళ్లడమూ, ఆయన వెనుక నిలబడిపోవడమూ ఆ జీవితంలో పదే పదే జరిగింది.

మరుగున పడటానికి అసలు కారణం నేను మొదటి జవాబులో చెప్పిన అరలే. 1972లో నల్లజాతి శ్రోతల రేడియో కేంద్రాలు కోరినది తాళం బరువుగా మోగే పాటలు. ఈ ఆల్బం వారికి మరీ పల్లెటూరిదిగా తోచింది. కంట్రీ కేంద్రాలు అప్పటికి చార్లీ ప్రైడ్ అనే ఒక నల్లజాతి గాయకుడిని ఆదరించాయి, 1971లో ఆ రంగపు అత్యున్నత పురస్కారం కూడా ఆయనకు దక్కింది. కాని ఆయన తొలి పాటలను రేడియో కేంద్రాలకు ఫొటో లేకుండా పంపవలసి వచ్చిందన్నది అందరికీ తెలిసిన విషయమే. ఆ తలుపు ఒకరి కోసం తెరుచుకుందే గాని, అందరి కోసం కాదు. అలా రెండు అరల్లోనూ చోటు దొరకని రికార్డు దుకాణంలో కనబడదు, కనబడనిది అమ్ముడుపోదు.

ఆల్బంలో లోపాలు లేవని అనను. ఒకటి రెండు పాటలు కేవలం సంఖ్య పూరించడానికి చేర్చినవిగా ఉన్నాయి. కొన్నిచోట్ల వాద్యాల హోరు ఆ నెమ్మదైన గొంతు మీద పడి దానిని ఇరుకున పెడుతుంది. తక్కువ వాద్యాలతో చేసి ఉంటే ఇంకా గొప్ప రికార్డు అయ్యేది.

ప్రశ్న: పాటలు మానేసి బస్సు నడిపారని రాశారు. నిజమేనా? (మండపేట)

జవాబు: నిజమే. 1975లో 'ఎవ్రీ డే ఐ హ్యావ్ టు క్రై' అనే తన పాతపాటను తానే పాడి కొంత విజయం చూసినా, రాబడి తన చేతికి సక్రమంగా అందక విసిగి, ఆ దశకం చివరికి సంగీతాన్ని వదిలేశారు. ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఒక సామాజిక సేవాసంస్థ బస్సు డ్రైవరుగా చాలా ఏళ్లు పనిచేశారు. 1993లో బెన్ వాన్ నిర్మాతగా 'లోన్లీ జస్ట్ లైక్ మీ' అనే ఆల్బంతో తిరిగి వచ్చారు. ఆ ఆల్బానికి మంచి సమీక్షలు రావడం మొదలైన కొద్ది వారాలకే, జూన్ 9న, నాష్‌విల్‌లో గుండె జబ్బుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 53.

ప్రశ్న: పునర్విడుదల అంటే పాత రికార్డును కంప్యూటరులో వేసి గరగర శబ్దం తీసివేయడమేనా? దానికి ఒక సంస్థ ఎందుకు? (ఇంజనీరింగ్ విద్యార్థి, అమలాపురం)

జవాబు: గరగర తీసివేయడం అందులో అన్నిటికంటె చిన్న పని, ఒక్కొక్కసారి చేయకూడని పని కూడా. మంచి పునర్విడుదల మూల టేపును వెతకడంతో మొదలవుతుంది. రికార్డు అచ్చు పోసే ముందు స్టూడియోలో తయారైన చివరి టేపును మాస్టరు టేపు అంటారు. పెద్ద సంస్థల గిడ్డంగుల్లో అలాంటి టేపులు లక్షల సంఖ్యలో ఉంటాయి. పెట్టె మీది చీటీ ఒకటి, లోపలి టేపు మరొకటిగా ఉండటం మామూలే. కొన్ని అసలు మిగలవు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో ఒక పెద్ద గిడ్డంగి తగలబడినప్పుడు ఎన్నో మాస్టరు టేపులు కాలిపోయాయి.

దొరికిన టేపు కూడా వెంటనే తిరగకపోవచ్చు. 1970ల, 80ల నాటి కొన్ని రకాల టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు, గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడి, యంత్రానికి అంటుకుపోతుంది. మన ఊళ్లలో వర్షాకాలంలో అప్పడాలు మెత్తబడటం చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. అటువంటి టేపును సుమారు 54 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలపాటు నిదానంగా ఆరబెడతారు. ఆ తరువాత కొన్ని వారాలపాటు అది తిరిగే స్థితిలో ఉంటుంది. ఆ గడువులోనే ధ్వనిని మరో మాధ్యమంలోకి ఎక్కించుకోవాలి.

అప్పుడు వస్తుంది మీరడిగిన శుభ్రత. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. టేపులోని సన్నని హిస్ శబ్దాన్ని పూర్తిగా తొలగించబోతే, దానితోపాటు గాయకుడి ఊపిరి, తాళాల అంచు, గది గాలి కూడా పోతాయి. బియ్యానికి మరీ ఎక్కువ పాలిష్ పట్టిస్తే గింజ తెల్లగా మెరుస్తుంది, కాని రుచీ బలమూ తవుడుతోపాటు మిల్లులోనే ఉండిపోతాయి. ధ్వని విషయంలోనూ అంతే. పాటను అంతటా ఒకే బిగ్గరతనానికి పెంచడం మరొక తప్పు. ఆర్థర్ అలెగ్జాండర్ వంటి నెమ్మదైన గాయకుడికి అది ప్రాణాంతకం.

సంస్థ ఎందుకు అన్నారు. ఈ ఆల్బాన్ని 2017లో మళ్లీ తెచ్చినది లాస్ ఏంజిలిస్‌లోని ఓమ్నివోర్ రికార్డింగ్స్ అనే చిన్న సంస్థ. ధ్వనిముద్రణ హక్కు పెద్ద సంస్థ దగ్గర ఉంటే, చిన్న సంస్థ అనుమతి పొంది, ముందుగా కొంత సొమ్ము చెల్లించి, అమ్మకాల మీద వాటా ఇస్తూ విడుదల చేస్తుంది. పెద్ద సంస్థకు ఇటువంటి ఆల్బం లెక్కల్లో ఒక వరుస మాత్రమే. చిన్న సంస్థకు అది ఏడాదిలో చేసే కొద్ది పనుల్లో ఒకటి. అందువల్ల ఆ శ్రద్ధ తీసుకోగలుగుతుంది. అసలు 12 పాటలతో పాటు, ఆ కాలంలోనే పాడి ఆల్బంలో చేరని మరికొన్నిటిని కూడా ఈ పునర్విడుదలలో చేర్చారు. 1994లో, ఆయన మరణించిన మరుసటి ఏడాది, ఈ పాటలు ఒకసారి సీడీగా వచ్చాయి. కాని ఆల్బం తన సొంత పేరుతో, సొంత ముఖచిత్రంతో తిరిగి రావడం వేరు. దానితో వచ్చే చిరుపుస్తకంలో ఎవరు రాశారు, ఎవరు వాయించారు, ఎప్పుడు జరిగింది అన్న వివరాలు ఉంటాయి. పాటను అందరూ ఎత్తుకుపోయిన మనిషికి ఆ వివరాలే న్యాయం చేస్తాయి.

ప్రశ్న: మా నాన్నగారి గ్రామఫోను రికార్డులు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. బూజు పట్టాయి. పారేయమని ఇంట్లో అంటున్నారు. (రాజోలు)

జవాబు: దయచేసి పారేయవద్దు. టేపులు పోయినప్పుడు పునర్విడుదల చేసేవారు ఇళ్లలో మిగిలిన మంచి రికార్డుల నుంచే పాటను ఎక్కించుకుంటారు. మీ పెట్టెలో ఉన్నది ఏ పాటకైనా మిగిలిన చివరి ప్రతి కావచ్చు.

ముందు అవి ఏ రకమో చూసుకోండి. బరువుగా, పెళుసుగా ఉండి, నిమిషానికి 78 సార్లు తిరిగేవి చాలావరకు లక్కతో చేసినవి. మన దేశంలో 1960లలో కూడా వాటిని తయారు చేశారు. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ లక్క రికార్డుల మీద వెలువడ్డాయి. వీటికి స్పిరిటు తగలనివ్వకూడదు, లక్క అందులో కరిగిపోతుంది. స్వేదనజలంలో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపి, మెత్తని గుడ్డను తడిపి పిండి, గాడి తిరిగే దిశలోనే తుడవండి. మధ్య కాగితానికి తడి తగలకూడదు, ఎందుకంటే పేర్లన్నీ దాని మీదే ఉంటాయి. మళ్లీ వట్టి స్వేదనజలంతో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెడితే వంగిపోతాయి. బూజు పట్టిన కాగితపు సంచులు మార్చండి, కాని వాటి మీద ఏమైనా రాసి ఉంటే ముందు ఫొటో తీసుకోండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పుస్తకాల్లాగ నిలబెట్టి, గోడకు ఆనని అలమారులో ఉంచండి. కోనసీమ తేమకు సిలికా జెల్ పొట్లాలు కొంత సాయపడతాయి, రెండు మూడు నెలలకు ఒకసారి మార్చాలి.

ప్రశ్న: విదేశీ గాయకుడి పునర్విడుదలకు ఇంత స్థలం ఇచ్చారు. మన గోదావరి ప్రాంతపు కళాకారుల పాత రికార్డుల సంగతి ఎవరు చూస్తారు? (నిడదవోలు)

జవాబు: మీ ప్రశ్నలోని బాధ నాకూ ఉంది. మీ నిడదవోలులోనే 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు లలిత సంగీతానికి చేసిన సేవ, కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు విజయవాడ ఆకాశవాణిలో చేసిన పని, రెండూ ఇటువంటి శ్రద్ధకు అన్ని విధాలా తగినవి.

చట్టం విషయం చూస్తే, మన దేశంలో ధ్వనిముద్రణ మీద హక్కు అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. పాట రచనకు, బాణీకి మాత్రం రచయిత, స్వరకర్త జీవితకాలం తరువాత 60 ఏళ్లు. అంటే ముద్రణ మీద హక్కు తీరినా, పాట మీద హక్కు మిగిలి ఉండవచ్చు. ఈ తేడా తెలియక మంచి ప్రయత్నాలు చిక్కుల్లో పడవచ్చు.

అయితే నాకు కనిపిస్తున్న పెద్ద లోటు చట్టంలో లేదు, ధ్వనిలోనూ లేదు. మన పాత పాటలు చాలావరకు ఇప్పుడు ఫోనులోనే వినబడుతున్నాయి. లేనిది వాటితోపాటు రావలసిన కాగితం. గాయకుడి పేరు ఉంటుంది. పాట రాసిన కవి పేరు తరచుగా ఉండదు. వయొలిన్ ఎవరిది, తబలా ఎవరిది, ఏ ఊరిలో, ఏ ఏడాది ముద్రించారు అన్నది దాదాపు ఎక్కడా ఉండదు. అలబామాలో ఒక పొగాకు గిడ్డంగిలో 1961లో పియానో వాయించిన కుర్రవాడి పేరు నేను అమలాపురంలో కూర్చుని మీకు చెప్పగలుగుతున్నాను. నా చిన్నప్పటి నుంచి రేడియోలో వింటున్న భక్తిగీతాల వెనుక వీణ వాయించినవారి పేర్లలో సగం కూడా చెప్పలేను. మీ ఊళ్లో ఆకాశవాణిలో పనిచేసిన పెద్దలు ఎవరైనా ఉంటే, వారి దగ్గర కూర్చుని, ఏ పాటకు ఎవరు వాయించారో రాసుకోండి. ఆ పట్టికలను పంపితే ఈ శీర్షికలో వరుసగా ప్రచురిస్తాను.

ప్రశ్న: ఇంగ్లీషు పాటలు అంతగా అలవాటు లేనివాడిని. ఈ గాయకుడిని ఏ పాటతో మొదలుపెట్టాలి? (పడవల మరమ్మతు పనివారు, నరసాపురం)

జవాబు: 'ఇన్ ది మిడిల్ ఆఫ్ ఇట్ ఆల్' అనే పాటతో మొదలుపెట్టండి. అది ఆయన సొంత రచన. కట్టుకున్న ఇల్లు, కలలు కూలిపోయి వాటి నడుమ ఒంటరిగా నిలబడిన మనిషి మాట్లాడే మాటలు అవి. భాష పూర్తిగా అర్థం కాకపోయినా ఇబ్బంది లేదు, పదాలను ఆయన చాలా విడివిడిగా పలుకుతారు. ఈ పాటను 1972 ఆల్బంలో ఒకసారి, 1993 ఆల్బంలో మరొకసారి పాడారు. మొదట ముప్పై దాటిన వయసులో పాడినది, వెంటనే యాభై దాటిన వయసులో పాడినది వినండి. మొదటిదానిలో వెనుక వాద్యాలు ఎక్కువ, గొంతులో పట్టు ఎక్కువ. రెండవదానిలో వాద్యాలు తక్కువ, గొంతు కాస్త గరుకుబారి ఉంటుంది. పని ముగిశాక, ఇంజను శబ్దాలు ఆగిన తరువాత, ఆ రెంటినీ ఒకదాని వెంట ఒకటి విని, రెండింటిలో ఏది మీకు నచ్చిందో ఒక ఉత్తరం రాయండి.